డాక్టరుగారి ఒక్క తెలుగు ముక్క

ఇప్పుడంటే పొద్దున్న లేచేసరికి ఫోను నిండా వైద్యమే. ఏది తింటే గుండెకి మంచిదో, ఎన్ని అడుగులు నడిస్తే చక్కెర దిగుతుందో మా వదినగారి తోడికోడలి దగ్గర్నుంచి పాలు పోసేవాడిదాకా అందరూ పంపిస్తారు. ఆ రోజుల్లో అలా కాదు. డెబ్భైలు వెళ్ళిపోతూ ఎనభైలు వస్తున్న కాలంలో, జంషెడ్‌పూర్ తూర్పు చివర గోవింద్‌పూర్‌లోని మా వరస క్వార్టర్లకి సరికొత్త వైద్య పరిశోధన బెల్లం పొట్లంగా వచ్చేది. నిజమే చెబుతున్నాను. సాక్చి బజారులో సరుకులు కట్టి ఇచ్చే పాత ఇంగ్లీషు పేపర్లలో ఆదివారం ఆరోగ్యం పేజీ అని ఒకటుండేది. దాన్ని నేను చీమలు దులిపి, ఇస్త్రీ చేసి, మైదా జిగురుతో నోటుబుక్కులో అంటించేదాన్ని. పొట్లం సైజుని బట్టి పరిశోధన ఎక్కడో ఒకచోట ఆగిపోయేది. ‘అందువల్ల నడివయసు దాటిన ప్రతివారూ తప్పనిసరిగా మానవలసినది’ అన్న చోట కాగితం చిరిగిపోయి ఉండేది. మానవలసింది ఏమిటో ఇంకెవరింటికో జీలకర్ర చుట్టుకుని వెళ్ళిపోయేది. ఆ మిగతా సగం నేను నా తెలివితో పూర్తి చేసేదాన్ని. ఆ తెలివి గురించే ఇదంతా. (నవ్వొచ్చిన చోట మీరు నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నేనే అన్నిచోట్లా నవ్వలేను.)

అప్పటికి నాకు పదిహేడేళ్ళు. కాలేజీలో మొదటి సంవత్సరం, బయాలజీ. డాక్టరునవుతానని అనుకోవడమే కాదు, అయిపోయినట్టే తిరిగేదాన్ని. మా నాన్న శ్రీకాకుళం వేపు నుంచి పెళ్ళికి ముందే ఇటు వచ్చేసి లారీలు తయారుచేసే కార్ఖానాలో చేరాడు. ఎర్రగా కాలిన ఇనుముని పెద్ద పెద్ద యంత్రపు సుత్తులతో అణిచే షాపులో పని. ఇరవై ఏళ్ళు ఆ మోత విని విని ఆయన చెవులు ముప్పాతిక వంతు పోయాయి. అందుకని మా ఇంట్లో అందరం అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్ళం. మొదటిసారి వచ్చినవాళ్ళు లోపల ఏదో తగువు జరుగుతోందని గుమ్మంలోనే ఆగిపోయేవారు. తీరా చూస్తే మా అమ్మ, ‘కూరలోకి వంకాయా, బెండకాయా’ అని అడుగుతూ ఉండేది. నాన్న మాత్రం ఎప్పుడూ గొంతు పెంచి ఎరగడు. తన మాట తనకే సరిగా వినపడదు కాబట్టి గట్టిగా మాట్లాడటం దండగ అనుకునేవాడో ఏమో.

ఆదివారం పూట మా గుమ్మం ముందు నా ఆరోగ్య ప్రసంగం ఉండేది. వినేవాళ్ళు నలుగురైదుగురు ఆడవాళ్ళు, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ. వాళ్ళలో ముఖ్యురాలు పక్కింటి పిన్ని. ఆవిడ భర్త కార్ఖానాలో క్రేను నడిపేవాడు కాబట్టి ఆయన క్రేను బాబాయి, ఆవిడ క్రేను పిన్ని. నాకు ‘రీసర్చమ్మ’ అని పేరు పెట్టింది ఆవిడే. ఒక నెల నేను, టీ తాగితే రక్తం పలచబడుతుందని పరిశోధనలో తేలిందన్నాను. పాపం క్రేను బాబాయికి టీ ఆగిపోయింది. రెండు నెలల తరవాత పెసరపప్పు పొట్లంలో, టీ తాగితే మంచిదే అని ఇంకో పరిశోధన వచ్చింది. పిన్ని నా వంక ఎగాదిగా చూసి, “అమ్మీ, నీ రీసర్చి ఏటో గానీ, మీ బాబాయి ఈ రెండు నెల్లూ నన్ను కాల్చుకు తినీసేడు. ఇంకేదన్నా మానీమంటే ముందు పొట్లం మొత్తం సదివి సెప్పు” అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం, శాస్త్రం ముందుకి పోతూంటే అజ్ఞానులు నవ్వడం మామూలేగా అనిపించింది. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఆ ఏడాది చలికాలం వెళ్ళేసరికి నాన్నకి పొద్దున్నే తలనొప్పి రావడం మొదలైంది. మెడ వెనక పట్టేసినట్టుండేది. ఒకరోజు షాపులో కళ్ళు తిరిగి కూర్చుండిపోయాడట. సాక్చిలో ఒక ముసలి డాక్టరుగారున్నారు, బీహారాయనే, మంచి హస్తవాసి, అని తోటివాళ్ళు చెప్పారు. వెళ్ళవలసిన రోజు నాకు కాలేజీలో కప్పని కోసే పరీక్ష. లేకపోతే నేనే వెళ్ళేదాన్ని, అప్పుడీ కథే ఉండేది కాదు. అమ్మ తీసుకెళ్ళింది. సాయంత్రం వాళ్ళు తిరిగొచ్చేసరికి నేను కాగితం, కలం పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. నాన్న కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. అమ్మ చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

“బీపీ అట. శానా ఎక్కువుందట. ఇదిగో మాత్రలిచ్చాడు. మరేటంటే, నూని మానీమన్నాడే. ఏకదమ్ బంద్ అన్నాడు.”

“నూనె అన్నాడా? హిందీలో చెప్పాడా, నీకు సరిగ్గా అర్థమైందా?”

“మిగతాదంతా హిందీయే. ఈ ఒక్క ముక్క మన బాసలోనే సెప్పాడు. నూని, నూని అని రెండు మూడుసార్లన్నాడు నా మొకంలోకి సూసి. మంచోడు పాపం. సాక్చీలో మనోళ్ళు ఎంతమంది ఆయన కాడికి ఎల్తారో, నేర్సుకున్నాడు గావాల.”

ఆ డాక్టరుగారి మంచితనానికి మేమిద్దరం కాసేపు పొంగిపోయాం. అమ్మకి ఈ ఊళ్ళో అన్నిటికన్నా భయం హిందీ అంటే. బజారులో రెండు మాటలు, బస్సులో రెండు మాటలు, అంతే ఆవిడ హిందీ. అలాంటిది అంత పెద్ద డాక్టరు ఈవిడ కోసం ఒక తెలుగు ముక్క నేర్చుకుని వాడాడంటే మాటలా? మా వేపు నూనెని నూని అంటారనే సంగతి కూడా ఆయనకి తెలిసినందుకు నేను మరీ ఆశ్చర్యపోయాను. మందుల చీటీ చూశాను. మాత్రల పేర్లు అర్థమయ్యాయి. అడుగున రెండే రెండు మాటలు రాసి కింద గీత గీసి ఉంది. అవి మాత్రం కోడి గెలికినట్టున్నాయి. అమ్మ అడిగితే, అది ఒక రకం విటమిను పేరు అని చెప్పేశాను. తెలీదని చెప్పే అలవాటు నాకప్పటికి లేదు.

నోటుబుక్కు తెరిస్తే ఇంకేముంది, సాక్ష్యం సిద్ధంగా ఉంది. నూనెలూ కొవ్వులూ రక్తనాళాల్లో పేరుకుని గుండెకి చేటు చేస్తాయన్న వ్యాసం, ధనియాల పొట్లంలోది, ముక్కాలు వంతు చిరగకుండా దొరికింది. నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ లోపలికి రాగానే ఆయన చెవి దగ్గర నిలబడి మొత్తం అనువాదం చేసి అరిచాను. నాలుగిళ్ళ అవతలిదాకా వినపడి ఉంటుంది. ఆయన శ్రద్ధగా విని, “సరేనమ్మీ. నువ్వు సదూకున్నదానివి, నువ్వెలా అంటే అలాగే” అన్నాడు.

ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో నూనె బంద్. అన్నీ ఉడకబెట్టిన కూరలే. పోపు లేని పప్పు, వేపుడు లేని దొండకాయ. రెండు రోజులు తిని నాన్న మూడో రోజు పళ్ళెం ముందు కూర్చుని ముద్ద కలుపుతూ కలుపుతూ అలా ఉండిపోయాడు. అమ్మ చూడలేకపోయింది. “రుసి నేదే, ఆ మనిసి ఎలా తింటాడు? కొలిమి కాడ సెమటోడ్సి వత్తాడు” అంది. ఆయనకి మొదట్నుంచీ ఉప్పు జాస్తిగా ఉండాలి. ఎండు చేప అంటే ప్రాణం. అప్పుడు నేను, నా జీవితంలో అంత ధీమాగా ఇంకేమాటా చెప్పి ఉండను, “అయితే ఉప్పు కాస్త ఎక్కువ వెయ్యమ్మా. ఉప్పులో కొవ్వేముంటుంది? అది రాయి. రాతికి బీపీ ఏంటి?” అన్నాను.

ఆ ఒక్క అనుమతితో మా వంటింటి కష్టాలన్నీ తీరిపోయాయి. నిప్పుల మీద కాల్చిన ఉప్పు చేప, అందులో నూనె లేదు. ఉప్పులో ఊరేసిన నిమ్మకాయ, అందులోనూ లేదు. ఊరమిరపకాయలు వేయించకుండా కుంపట్లో కాల్చడం అమ్మే కనిపెట్టింది. మజ్జిగలో గుప్పెడు ఉప్పు. నాన్న మళ్ళీ లొట్టలేసుకుంటూ తినసాగాడు. నాన్న తింటున్నాడని అమ్మకి సంతోషం, శాస్త్రం గెలిచిందని నాకు సంతోషం. ఆదివారం ప్రసంగంలో ఈ విజయం చెప్పేసరికి మా వరసలో ఇంకో నాలుగిళ్ళవాళ్ళు నూనె మానేశారు. వాళ్ళ మగవాళ్ళు కార్ఖానా క్యాంటీనులో పకోడీలు తిని, మూతి తుడుచుకుని ఇంటికి వచ్చేవారని తరవాత తెలిసింది. ఉగాదికి ఆవిరి మీద గారెలు చేయించాను. క్రేను పిన్ని ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది గారేటే? ఇడ్లీకి జబ్బు సేసి సిక్కిపోయినట్టుంది. కన్నం కూడా మూసుకుపోయినాది” అంది. నాన్న మాత్రం రెండు తిన్నాడు. ఉప్పు నంజుకుని తిన్నాడు.

పదిహేను రోజులకి మళ్ళీ రమ్మన్నాడు డాక్టరు. తలనొప్పి తగ్గింది కదా, వెళ్ళి ఏం చెయ్యాలి అన్నాడు నాన్న. షిఫ్టు మానుకోవడం ఆయనకి ఇష్టం ఉండదు. నేను ఆయన మణికట్టు పట్టుకుని, గోడ గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టి, బ్రహ్మాండంగా ఉంది, అక్కర్లేదన్నాను. మాత్రలు అయిపోయాక మళ్ళీ కొనలేదు. ఇదంతా ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, వీటిలో ఏ ఒక్కచోటైనా నేను నోరు మూసుకుని ఉంటే బాగుండేదని ఇన్నేళ్ళుగా ఒక్కొక్కటే తీసి చూసుకుంటూ ఉంటాను కాబట్టి.

మే నెలలో ఒక పొద్దున్న, మొదటి షిఫ్టుకి బయల్దేరుతూ నాన్న గుమ్మం మెట్టు మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. ఎంతసేపటికీ లేవడు. “అమ్మీ, ఈ తాడు సూడు, పట్టుకుంటే పట్టు దొరకడం నేదు” అన్నాడు. నేను నవ్వుతూ వెళ్ళి వంగి లేసు కట్టాను. తలెత్తి చూస్తే ఆయన నోరు ఒక పక్కకి జారి ఉంది. ఏదో అంటున్నాడు, మాటలు కలిసిపోతున్నాయి. అంతవరకూ మా ఇంట్లో ఎన్ని కేకలు పెట్టుకున్నామో గానీ, ఆ పొద్దున్న అమ్మ పెట్టిన కేకకే వరస మొత్తం పరిగెత్తుకొచ్చింది. క్రేను బాబాయి ఆటో తెచ్చాడు. ఆసుపత్రిలో పక్షవాతం అన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. ప్రాణానికి ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నారు.

మూడో రోజున అమ్మ, సాక్చి డాక్టరుగారి దగ్గరికి వెళ్దామంది. ఆయన చేసేదేముంది అన్నాను. “ఆయనైతే మన మాట తెలిసినోడు. ఇంకేటన్నా మందుందేమో అడుగుదాం రా” అంది. వెళ్ళాం. డాక్టరుగారు బక్కగా, తెల్లని ధోవతిలో ఉన్నారు. అమ్మని గుర్తుపట్టారు. సంగతి విని చాలా బాధపడ్డారు. తరవాత, “నూన్ బంద్ కియే థే న?” అని అడిగారు, మానేశారు కదా అని. అమ్మ కళ్ళు తుడుచుకుని, “ఏకదమ్ బంద్ డాక్టర్ బాబూ. దో మహీనా, ఏక్ బూంద్ భీ నహీ” అంది. రెండు నెలలూ ఒక్క బొట్టు కూడా వెయ్యలేదని ఆవిడ అర్థం. బొట్టు అనేసరికి డాక్టరుగారు కాస్త తికమకపడ్డట్టు కనిపించారు. అమ్మ హిందీ చాలక ఆయనకి అర్థం కాలేదనుకున్నాను. నేను ముందుకి జరిగాను. హిందీలో నాకెప్పుడూ క్లాసులో మొదటి మార్కే. నూనె ఒక్క చుక్క కూడా తగలనివ్వలేదనీ, అన్నీ ఉడకబెట్టి, రుచి కోసం నమక్, అదే ఉప్పు, మాత్రం బాగా వేసి పెట్టేవాళ్ళమనీ, పరిశోధనలన్నీ నేను చదివే ఉన్నాననీ స్వచ్ఛమైన హిందీలో వివరించాను.

డాక్టరుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తరవాత నెమ్మదిగా, “బేటీ, హమ్‌లోగ్ నమక్ కో నూన్ కహతే హై” అన్నారు.

వాళ్ళ ఊరివైపు ఉప్పుని నూన్ అంటారట. బళ్ళో నాకు చెప్పిన హిందీలో నమక్ ఉంది, లవణ్ కూడా ఉంది. నూన్ లేదు. ఆయన తెలుగు ముక్కేమీ నేర్చుకోలేదు. ఎదురుగా చదువురాని మనిషి కూర్చుంది కదా, తేలిగ్గా అర్థం కావాలని తన ఇంటి భాషలో చెప్పారు. ఆవిడ ఇంటి భాషలో అది నూనె అయి కూర్చుంది. నేను చీటీ తీసి చూశాను. ఇప్పుడు కోడి గెలికినట్టు లేదు. నో సాల్ట్ అని స్పష్టంగా ఉంది. డాక్టరుగారు మంచి మనిషి. ఒక్క ఉప్పు వల్లే ఇలా జరిగిందని ఎవరూ చెప్పలేరనీ, జబ్బు అప్పటికే ముదిరి ఉందనీ, చిన్నపిల్లవి, మనసులో పెట్టుకోకనీ ఎన్నో చెప్పారు. నాకు అందులో ఒక్కటీ తలకెక్కలేదు. మా నాన్నకి రోజూ కొలిచి కొలిచి విషం పెట్టించినదాన్ని నేనే అన్నదొక్కటే నాకు తెలిసింది. ఆటోలో అమ్మ, “నూని అన్నాడనే అనుకున్నానే” అని ఒక్కసారి అంది. గోవింద్‌పూర్ దాకా ఇద్దరం చెరో వైపు రోడ్డు చూస్తూ కూర్చున్నాం.

నాన్న బతికి ఇంటికొచ్చాడు. కుడి చెయ్యి ఎప్పటికీ రాలేదు. కర్ర పట్టుకుని గుమ్మందాకా నడిచేవాడు. మాట ముద్దముద్దగా వచ్చేది. కార్ఖానా పని అయిపోయింది. నా నోటుబుక్కుని నేనే కుంపట్లో పెట్టాను, మైదా జిగురు మూలంగా చాలాసేపు మండింది. ఆదివారాలు గుమ్మం ముందుకి వెళ్ళడం మానేశాను. క్రేను పిన్ని ఒకటి రెండుసార్లు, “ఏటే రీసర్చమ్మా, కొత్త పొట్లాలేటీ నేవా?” అని పలకరించి, నా మొహం చూసి ఇంక అడగలేదు. రాత్రీ పగలూ ఒకటే ఆలోచన. చెప్పాలి. ఆయనకి చెప్పాలి. కానీ మా ఇంట్లో ఏ మాటైనా కేకేసి చెప్పాలి. తప్పు చేశానని తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని మెల్లిగా చెప్పుకునే వీలు కూడా లేని కొంప అది. నాలుగు వారాలు ఆగాను. ఒక మధ్యాహ్నం అమ్మ రేషనుకి వెళ్ళింది, పిన్ని కూడా వెంట వెళ్ళింది. తలుపులూ కిటికీలూ వేసొచ్చి, చప్పటి జావ తాగిస్తూ, నాన్న ఎడమ చెవిలో గట్టిగా అరిచి మొత్తం చెప్పాను. నూన్ అంటే ఉప్పట నాన్నా, నూనె కాదట, నేనే ఉప్పు ఎక్కువ వెయ్యమన్నాను నాన్నా, అని. ఏడుస్తూ అరవడం ఎంత కష్టమో నాకప్పుడే తెలిసింది.

ఆయన ఎడమ చేత్తో గ్లాసు పక్కన పెట్టాడు. మొహంలో కదిలే సగంతో నవ్వాడు. ఒక్కొక్క మాటే కూడదీసుకుని చెప్పాడు.

“నాకు తెలుసమ్మీ. ఇరవయ్యేళ్ళు ఆ బీహారోళ్ళతో కూకుని అన్నం తిన్నోణ్ణి, నూన్ అంటే తెల్దేటి నాకు? డాక్టరు సెప్పినప్పుడే ఇన్నాను. ఉప్పు మానీమంటే నా వల్ల అవుతాదేటి? మీ అమ్మ నూని అనుకున్నాది, నువ్వు పుస్తకం తీసినావు. మంచిదే అయ్యిందని ఊరుకున్నాను. తప్పు నాది. మీ అమ్మకి సెప్పకు, సంపేత్తాది.”

నా గుండెల మీద నుంచి అంత బరువు ఒక్కసారి దిగిపోయింది. ఆ సాయంత్రం చాలా వారాల తరవాత కడుపునిండా అన్నం తిన్నాను. దిగిన బరువు స్థానంలో వెంటనే కోపం వచ్చి కూర్చుంది. ఉప్పు చేప కోసం, ఇంత ఉప్పు నిమ్మకాయ కోసం, తెలిసి తెలిసి మనిషి ఒళ్ళు పాడుచేసుకుంటాడా? ఇంట్లో ఆడవాళ్ళ మొహం చూసైనా చెప్పొద్దూ? ఆయన అడిగాడు కాబట్టి అమ్మకి చెప్పలేదు గానీ, ఆయన మీద మాత్రం దండెత్తాను. వంటింట్లో ఉప్పు డబ్బా తీసి నా ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. ‘ఉప్పు దొంగ’ అని పేరు పెట్టాను. పొద్దున్న లేస్తే, “ఏం ఉప్పు దొంగా, నిద్ర పట్టిందా” అనేదాన్ని. ఎప్పుడైనా మజ్జిగలో ఒక్క రవ్వ అడిగితే, “చేసుకున్నది చాల్లేదా” అని అరిచేదాన్ని. అమ్మకి ఆ అరుపులు తగువులా అనిపించేవి కాదు, ఉప్పు మాన్పించడానికే అనుకునేది, మా ఇంటి మాటలే అంత కదా. ఆయన తొమ్మిదేళ్ళు బతికాడు. తొమ్మిదేళ్ళూ నా తిట్లు తిని సగం మొహంతో నవ్వాడు. డాక్టరీ చదవలేదు నేను. పరీక్ష ఫారం తెచ్చుకుని కూడా రాయలేదు, ఇంకొకరి ప్రాణం నా చేతుల్లో ఎందుకనిపించింది. హిందీ చదివి, హిందీ టీచరునయ్యాను. (మొదటి రోజు నుంచీ పిల్లలకి నమక్ పక్కన నూన్ కూడా చెప్పేదాన్ని. సిలబస్‌లో లేదని ఒక హెడ్‌మాస్టరుగారు కోప్పడ్డారు కూడా.)

నాన్న పోయి ఎన్నేళ్ళో అయింది. ఇప్పుడు నేనూ రిటైరయ్యాను. ఈ ఊళ్ళోనే సోనారిలో చిన్న ఇల్లు. అమ్మ నా దగ్గరే ఉంటుంది, ఎనభై దాటాయి. నాకూ బీపీ వచ్చింది, రాకేం చేస్తుంది. మొన్నామధ్య పరీక్ష చేయించుకుని వచ్చి, ఉప్పు తగ్గించమన్నారని చెబుతూ, మాటవరసకి, “నాన్నలాగా నేను తెలిసి తెలిసి తినను లేమ్మా” అనేశాను. నోరు జారింది. అమ్మ వత్తులు చేస్తున్నదల్లా ఆగి నా వంక చూసింది.

“తెలిసి తెలిసేటి? నీకూ అదే సెప్పాడేటి మీ నాన్న?”

నాకు వెంటనే అర్థం కాలేదు. అమ్మ మళ్ళీ వత్తి అరచేతిలో పెట్టుకుని చుడుతూ చెప్పింది. “ఆసుపత్రి నుంచొచ్చిన కొత్తలో నేనేడ్సి సంగతంతా సెప్తే, నాకూ అదే సెప్పాడు. నూన్ అంటే ఉప్పని నాకు తెలుసు, నువ్వేడవకు, పిల్లకి సెప్పకు, బాధపడతాది అని. నేను నమ్మితే కదేటే. ఆవేళ నేనే కదా పక్కనున్నాను. డాక్టరు మాట ఒక్క ముక్కైనా ఆ సెవుల్లో పడితేనా? బయటికొచ్చింది మొదలు, ఏటన్నాడు, ఏటన్నాడు అని ఆటోలో గోయిందుపూరు దాకా నన్నే పీకాడు. నూని మానీమన్నాడయ్యా అని అరిసి సెప్పితే, అంతేనా, ఉప్పు మానీమన్లేదు గదా, బతికాను అన్నాడు. ఆటోవోడు కూడా నవ్వినాడు.”

“మరి ఆయనకి చెప్పలేదా నువ్వు, అబద్ధమని తెలుసని?”

“ఎందుకే. మన కోసం అంత కట్టపడి అబద్ధం సెప్పుకున్నాడు. నమ్మినట్టుంటేనే ఆ మనిసికి సుఖం అని ఊరుకున్నాను.”

పొట్లం కాగితాల్లో చిరిగిపోయిన సగాలన్నీ పూర్తి చెయ్యగలనని తిరిగినదాన్ని, మా ఇంట్లో మా నాన్న చెప్పిన మాటలో సగం మాత్రమే చదివి నలభై ఏళ్ళు గడిపాను. నన్ను నేను చూసుకుంటే నవ్వే వచ్చింది. ఆ పదిహేడేళ్ళ రీసర్చమ్మని చూసి కాదు, ఆ పిల్లకి ఏమీ తెలీదు. ట్రంకుపెట్టె తాళంచెవి బొడ్లో దోపుకుని, ఆ మనిషి మీద అరుస్తూ తొమ్మిదేళ్ళు తిరిగిన ఆ హిందీ టీచరుని చూసి. ఉప్పు దొంగా అని నేను ఎన్నిసార్లు పిలిచానో లెక్కలేదు. అంత చెవిటి మనిషి, పిలిచిన ప్రతిసారీ, “ఏటమ్మీ” అని పలికాడు.